కొమరోలులో మా అత్తకు అడ్డం నిలబడిన మనిషి

దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మా నాయన పోయినప్పుడు కూడా, మనిషి పోతే పోయినట్టే అనుకున్నాను. అందుకే ఈ సంగతి బయటికి చెప్పడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నాది గిద్దలూరులో బట్టలు కుట్టే దుకాణం. మా నాయన చెల్లెలు సువార్తమ్మ నా దగ్గరే ఉంటుంది. కూలి పనికి పోతుంది, ఆదివారం చర్చికి పోతుంది. ఫోను లేదు. ఎక్కడ పిల్లలు కనిపించినా సంచిలోంచి బిస్కెట్లు తీసి ఇవ్వడం ఆమె అలవాటు.

మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. బస్సు రాకపోయినా, బోరు మోటారు కాలిపోయినా అందులో పెట్టేవాళ్లు. మంచి గ్రూపే. ఆ ఎండాకాలం, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఎవరో వీడియో పెట్టారు. అది ఎక్కడిదని ఎవరూ అడగలేదు. ఇక రోజూ అవే.

ఒక ఉదయం మిషను దగ్గర కూర్చుని ఫోను తెరిస్తే, కూలి పనికని అప్పుడే బయల్దేరిన అత్త ఫోటో కనిపించింది. బస్టాండులో ఒక పాపకు బిస్కెట్ ఇస్తోంది. కింద, "ముఠా మనిషి. కొమరోలు బస్సెక్కింది. వదలొద్దు" అని రాసి ఉంది.

ఈమె మా మేనత్త అని వెంటనే రాశాను. "అయితే నువ్వూ ఆ ముఠానే" అన్నారొకరు. నా దుకాణం ఎక్కడుందో చెప్పి, పోయి పట్టుకుందాం అన్నారు ఇంకొకరు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఇళ్లవాళ్లే. తర్వాత నన్ను గ్రూపులోంచి తీసేశారు. పోలీసులకు ఫోను చేసి ఆటో ఎక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను.

కొమరోలులో ఒక టీ కొట్టు ముందు జనం గుమిగూడి ఉన్నారు. కానీ చప్పుడు లేదు. పోలీసులు ఇంకా రాలేదు. అత్త లోపల బల్ల మీద కూర్చుని టీ తాగుతోంది. ఒంటి మీద చిన్న దెబ్బ కూడా లేదు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

కొట్టు నడిపే ఆమె నాకు నీళ్లిచ్చింది. "కొట్టేదానికే వచ్చినారమ్మా. ఇంతలో ఒక పెద్దాయన అడ్డం నిలబడినాడు. ఇది నా చెల్లెలు, బిడ్డకు బిస్కెట్ ఇస్తే కొడతారా అన్నాడు. అంతే, అందరూ ఎనక్కి తగ్గినారు."

"ఎట్లున్నాడు?" అన్నాను.

"పొడుగ్గా ఉన్నాడు. ముందు పన్ను విరిగింది. ఎడమ కాలు ఈడుస్తా నడిచినాడు."

అది మా నాయన. ఆయన పోయి అప్పటికే రెండేళ్లు.

అత్తను అడిగాను. "నా ముందుకు ఎవరూ రాలేదే. వాళ్లంతట వాళ్లే ఆగిపోయినారు" అంది.

ఆ గుంపులో ఒకతను, గ్రూపులో పెట్టాలని వీడియో తీశాడట. తల దించుకుని ఫోను నా చేతికిచ్చాడు. అందులో ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగుతాయి. అందరూ అత్త పక్కనున్న ఖాళీ జాగా వైపు చూస్తారు. "తెలీక వచ్చినాం పెద్దాయనా" అని ఒకతను దండం పెడతాడు. అక్కడ మనిషి లేడు. నాయన గొంతూ లేదు.

భయంలో జనానికి ఏవేవో కనిపిస్తాయని కొందరన్నారు. కావచ్చు. కానీ అక్కడున్న వాళ్లెవరూ మా నాయనను ఎన్నడూ చూసినవాళ్లు కాదు. నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు.

తిరుగు బస్సులో అత్త నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతుంటే, ఆ రోజుకు అది చాలనిపించింది.