హారతి గంట ఆగాక

గుంటూరులో మా మేడ మీద అద్దెకున్న కుర్రాడు పగలు మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసి, సాయంత్రాలు హెవీ మెటల్ గిటార్ వాయించేవాడు. భుజాల దాకా జుట్టు, మండుటెండల్లోనూ నల్లచొక్కా. అతను వాయిస్తే మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. అయినా నా హారతి గంట ఆగేదాకా తీగ ముట్టేవాడు కాదు. నేను అడగని ఆ మర్యాదకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఒకనాడు నేను గంట కొడుతుండగానే పైన ఉరుము మొదలైంది. గంట చేత్తో పట్టుకునే మెట్లెక్కాను.

"ఏం నాయనా, పూజ కాకుండానే మొదలెట్టేశావే?"

"అయిపోయిందనుకున్నానండీ పిన్నిగారూ. ఇవాళ గంట కొట్టలేదుగా?"

అతని ముందే కొట్టాను. అతను నా చేతివంక చూశాడు.

"ఇంకాస్త గట్టిగా కొట్టండి."

కొట్టాను. వేలు చాచి గంట అంచు తాకాడు.

"మోగుతోందండీ," అన్నాడు మెల్లగా. "మీ మాట వినపడుతోంది. ఇదే వినపడట్లేదు. గిటార్ హోరుకు చెవుల్లో సన్నటి మోతలు ముందు పోతాయంటారు."

ఇల్లు ఖాళీ చేసేదాకా మళ్ళీ గిటార్ ముట్టలేదు.

ఇప్పుడు మేడ మీద ఎవరూ లేరు. అయినా హారతయ్యాక గంట కింద పెట్టి, గిన్నెలు అదురుతాయేమోనని కాసేపు అలాగే నిలబడతాను.