దేశాల రక్షణ ఖర్చు, మా దుకాణం తాళం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఎమ్మే ఎకనామిక్స్ పాసైన కొత్తలో అందరికీ అలాగే ఉంటుందేమో, నాకు మాత్రం కాస్త ఎక్కువగానే ఉండేది. వరంగల్ బజారులో మా బాపు నడిపే స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చోవడం నా చదువుకు చిన్నతనమని తేల్చుకొని, హన్మకొండలో పోటీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. చేరానంటే పాఠాలు చెప్పడానికి కాదు. పెద్ద సార్ల నోట్సు జిరాక్సు తీయించడం, బోర్డు తుడవడం, మైకు పలకకపోతే దాన్ని అరచేత్తో నాలుగు తట్టి చూడడం నా ఉద్యోగం. (ఇంట్లో ఎంత వివరంగా చెప్పినా బాపు మాత్రం గిరాకీలందరితో "మా పిలగాడు హన్మకొండల సారు" అనేవాడు. ఆ మాట వింటూ స్టీలు బిందెల వెనక దాక్కోవడం కూడా నా ఉద్యోగంలో భాగమే.)

అలాంటి సమయంలో ఎకానమీ చెప్పే సారుకు జ్వరం వచ్చింది. మరునాటి పాఠం "దేశాల రక్షణ వ్యయం – పోలిక". వేరే ఎవరూ దొరక్క డైరెక్టర్ సార్ నన్ను పిలిచి, "తమ్మీ, రేపు నువ్వే చెప్పాలె. పిల్లలు కూసుంటే నువ్వు సారువు. లేచిపోతే మల్ల జిరాక్స్ మిషినే" అన్నాడు. ఆయన దగ్గర ఏ విషయమైనా అంత క్లుప్తంగానే ఉండేది. నేను ఉత్సాహంతో మూడు పెద్ద చార్టులు గీశాను. ఏ దేశం సైన్యానికి మొత్తం ఎంత పెడుతుందో ఒకటి, దేశ ఆదాయంలో అది ఎన్నో వంతో ఒకటి, ఆ సొమ్ముకు ఆ దేశంలో ఏమేం వస్తాయో చెప్పేది ఇంకొకటి. దుకాణంలో వేలాడే పళ్లాల ముందు నిలబడి ప్రాక్టీసు చేశాను. ఒక్కో పళ్లెంలో ఒక్కో నేను కనిపించడంతో హాలు నిండినట్టే అనిపించింది. అన్ని పళ్లాలూ నిశ్శబ్దంగా, శ్రద్ధగా విన్నాయి.

అసలు హాలు అలా లేదు. అన్నిటికంటే ముందు అందులో మిలిటరీ అన్న ఉన్నాడు. సైన్యంలో పనిచేసి రిటైరై, ఇంకో సర్కారు కొలువు కోసం చదువుకుంటున్న ఆయన్ని పిల్లలంతా అలాగే పిలిచేవాళ్లు. పెద్ద మీసం, నిటారు వెన్ను. చివరి బెంచీలో కూర్చున్నా ఆయనే అందరికంటే ఎత్తుగా కనిపించేవాడు. ఆయన సరిహద్దుల్లో కాపలా కాసి వచ్చినవాడు, నేను సరిహద్దుల్ని అట్లాసులో చూసినవాణ్ణి. సైన్యాల ఖర్చు గురించి ఆయన ముందు నేను నోరు విప్పాలి.

మొదటి చార్టు బోర్డుకు అంటించానో లేదో, ముందు బెంచీలో అమ్మాయి లేచి, పెద్ద దేశం ఖర్చు ఎట్లాగూ పెద్దదే ఉంటుంది కదా, దాన్ని చిన్న దేశంతో ఎట్లా పోలుస్తారు సార్ అని అడిగింది. సరైన ప్రశ్నే. దాని జవాబు నేను తర్వాత చెప్పాలనుకున్నదే. కానీ కంగారులో మొదటి చార్టు సగంలో వదిలేసి రెండోదానికి దూకాను. అక్కడ మొదటి చార్టులో అడుగున ఉన్న దేశమేదో పైకి వచ్చి కూర్చుంది. అంతలో ఇంకొకడు, అక్కడి సిపాయి జీతమూ ఇక్కడి సిపాయి జీతమూ ఒకటేనా, అన్నీ డాలర్లలో ఎందుకు లెక్కగట్టడం అన్నాడు. మూడోదానికి దూకాను. దాంట్లో వరస మళ్లీ మారింది. ఇక డాలర్లను రూపాయల్లోకి మార్చి చూపిస్తే అందరూ నోరు మూస్తారనుకున్నాను. సున్నాలు బోర్డు అంచుదాకా నడిచి, చోటు చాలక కింది వరుసలోకి దిగాయి. దిగేటప్పుడు ఎక్కడో చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చినట్టున్నాయి, మ్యాపులో చుక్కంత ఉండే ఒక దీవి మిగతా ప్రపంచమంతా కలిసి పెట్టినదాని కంటే ఎక్కువ ఖర్చు పెట్టి కూర్చుంది.

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. వెనక నుంచి ఇద్దరు ముగ్గురు చాయ్ తాగడానికి మెల్లగా లేచారు. తలుపుకున్న అద్దంలోంచి డైరెక్టర్ సార్ కళ్లజోడు మెరిసింది. అప్పుడు మిలిటరీ అన్న లేచాడు. ఈయన కూడా పోతున్నాడు, ఇక మిగతావాళ్లు ఆగరు అనుకున్నాను. ఆయన తలుపు వైపు కాకుండా నా వైపు నడిచి వచ్చి, మొదటి బెంచీలో ఖాళీ చూసి కూర్చున్నాడు.

"సార్, నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. మొదటి సంది చెప్పుండ్రి. జర నిమ్మలంగ."

ఆ మీసానికే అర్థం కానప్పుడు తమకు అర్థం కాకపోవడంలో సిగ్గేమీ లేదనుకున్నారో ఏమో, లేచినవాళ్లు కూడా కూర్చున్నారు. నేను బోర్డు తుడిచి, చార్టులు చుట్టి పక్కన పెట్టాను. ఇక చేతిలో ఏమీ మిగల్లేదు గనక నాకు నిజంగా తెలిసిన ఒకే ఒక్క చోటికి, అంటే మా దుకాణానికి వెళ్లిపోయాను. మా పక్కన ఒక సేఠు బంగారం దుకాణం ఉందని, దానికి ఇనుప షట్టరు, తుపాకి పట్టిన వాచ్‌మన్ ఉన్నారని చెప్పాను. మా బాపుకు ఉన్నది ఒక పెద్ద తాళం. రూపాయల్లో చూస్తే సేఠు ఖర్చే ఎక్కువ. కానీ సేఠు ఆదాయంలో ఆ వాచ్‌మన్ ఎన్నో వంతు, మా బాపు ఆదాయంలో ఆ తాళం ఎన్నో వంతు అని చూస్తే వరస మారిపోవచ్చు. హన్మకొండలో ఒక్క వాచ్‌మన్‌కు ఇచ్చే జీతంతో ములుగులో ఇద్దరిని పెట్టుకోవచ్చు, కాబట్టి సొమ్ము ఒకటే అయినా కాపలా ఒకటి కాదు. మూడూ నిజాలే, మనం ఏం అడుగుతున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

మిలిటరీ అన్న రాసుకోవడం ఆపి, "మరి ఇంత ఖర్సు వెడితే ఎవలు గెలుస్తరు సార్?" అని అడిగాడు.

"అది ఈ లెక్కల్లో తెల్వదన్నా" అన్నాను. క్లాసులో నేను సారునన్న సంగతి కూడా మరిచిపోయి అన్నా అనేశాను. ఆయన తలాడించి, ఆ మాట కూడా రాసుకున్నాడు.

గంట అయ్యాక డైరెక్టర్ సార్ భుజం తట్టి, జిరాక్సుకు ఇంకో పిల్లవాణ్ణి చూస్తానన్నాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం బాపు అన్నం ముందు కూర్చొని, "ఏందిరా, మన తాళం చూస్తమని పోరగాండ్లు దుకాణంకు వస్తాండ్రు. దేశంల ఇంకెక్కడ తాళాలు లెవ్వా?" అన్నాడు. నేను పాఠమంతా వివరించాను. బాపు చివరిదాకా విని, అయితే మన దుకాణం రక్షణ ఖర్చు సేఠు కంటే ఎక్కువన్నట్టేగా అని తృప్తిపడ్డాడు. వచ్చినవాళ్లలో ఒకమ్మాయి టిఫిన్ డబ్బా కూడా కొన్నదట. (నా చదువు వల్ల దుకాణానికి జరిగిన మేలు మొత్తం మీద అదొక్కటే.)

ఆ తర్వాత ఎన్ని చోట్ల పాఠాలు చెప్పానో. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో చెబుతున్నాను. ఎక్కడ చెప్పినా మిలిటరీ అన్నను తలుచుకొనేవాణ్ణి. అన్నీ అర్థమై కూడా నా కోసం అర్థం కాలేదన్నాడని, నా పరువు కాపాడడానికే ముందుకొచ్చి కూర్చున్నాడని భార్యాపిల్లలకు కథలా చెప్పేవాణ్ణి. మొన్న మేడారం వెళ్లి వస్తూ ములుగు బస్టాండులో ఆగితే, అక్కడ ఆయన! మీసం తెల్లబడింది గానీ వెన్ను అలాగే ఉంది. అక్కడే ఒక ఆఫీసులో కొలువు చేస్తున్నానని చెప్పాడు. చేతులు పట్టుకొని, ఆ రోజు మీరు చేసిన మేలు మరవలేనని, మా పిల్లల ముందే చెప్పేశాను.

"మేలేంది సార్, నాకు నిజంగనే సమజ్ కాలే" అన్నాడు. "ఫౌజ్‌ల మాకు అదే నేర్పిండ్రు. సమజ్ కాకుంటే అడగాలె. అడగకుంటే పక్కోనికి దెబ్బ తాకుతది."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇన్నేళ్లుగా నేను మోసుకు తిరిగిన మహా త్యాగం ఆ బస్టాండులో ఒక్క మాటతో మామూలు సందేహమైపోయింది. విచిత్రమేమిటంటే, నా కృతజ్ఞత ఇసుమంత కూడా తగ్గలేదు. అంత పెద్ద మనిషి అందరి ముందు లేచి తనకు తెలియదనడం, నా పరువు కాపాడడం కంటే ఏమన్నా చిన్న సంగతా?

బస్సు వచ్చింది. మా చిన్నదాన్ని ఆయనే ఎత్తి ఎక్కించి, కిటికీ దగ్గరికొచ్చి, "సార్, డాలర్ల ముచ్చట మాత్రం నాకు ఇప్పటికి సమజ్ కాలే" అన్నాడు. బస్సు కదిలింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ములుగు వాచ్‌మన్ దగ్గర మొదలుపెట్టి నిమ్మళంగా చెప్పడం సాగించాను. బస్సంతా నావైపే చూస్తోంది. నాలోని అప్పటి ఆ కుర్రవాడైతే సీటు కిందికి దూరిపోయేవాడు, పాపం. నేను మలుపు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆయన రోడ్డు మీద చెవికి చెయ్యి ఆనించుకొని వింటూనే ఉన్నాడు.