మూడు ఇళ్ల జాబితాలో లేని ఓబులేసు

మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు? జవాబు వెంటనే నోటికి వచ్చిందంటే ఒక్క నిమిషం ఆగండి. ఆ లెక్కలో మీరు ఎవరిని వదిలేశారు?

2023 మార్చిలో ఈ ప్రశ్నను నేను వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో గడప గడపకూ వెళ్లి అడిగాను. పక్షవాతం, తలకు దెబ్బ తగిలి మెదడుకు కలిగే నష్టం, మూర్ఛ వంటి జబ్బులు ఒక ప్రాంతంలో ఎంతమందికి ఉన్నాయో తెలుసుకునే సర్వే అది. ఆసుపత్రి రికార్డులు చూస్తే ఆసుపత్రికి రాగలిగినవారి సంగతే తెలుస్తుంది. రాలేనివారి సంగతి తెలియాలంటే వాళ్ల ఇంటికే వెళ్లాలి.

నా పని స్క్రీనింగ్, అంటే తొలి వడపోత. నేను డాక్టరును కాను. కొన్ని ప్రశ్నలు అడిగి, అనుమానం ఉన్నవారి పేర్లు ట్యాబ్‌లో నమోదు చేస్తాను. ఆ పేర్లున్నవారిని తర్వాత కన్ఫర్మేషన్ క్యాంపుకు పిలుస్తారు. అక్కడ మెదడు, నరాల డాక్టరు స్వయంగా పరీక్షించి జబ్బును నిర్ధారిస్తారు, మందులు సరిచూస్తారు. మా పల్లెలకు అలాంటి డాక్టరు రావడం అరుదు. ట్యాబ్‌లో పేరు లేకపోతే ఆ పిలుపు రాదు.

ఊరిలో నాకు తోడు ఆశా కార్యకర్త సుబ్బమ్మ. ఆమెకు తెలియని గడప లేదు. ఆ రోజు మొదటి ఇంట్లో రాములమ్మ అనే ఆమె చేటలో చెనక్కాయలు పోసుకుని ఒలుస్తోంది.

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

"నలుగురం మేడం."

"ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోవడం, మూతి వంకర పోవడం, ఫిట్స్ రావడం ఉందా?"

"మా ఇంట్లో అట్లాంటివి యాడివి? అందరం గుండ్రాళ్ల మాదిరి ఉండాం."

నేను "లేదు" అన్న గడిని నొక్కబోతుంటే సుబ్బమ్మ అడ్డుపడింది. "ఏమ్మే రాములమ్మా, ఓబులేసును మింగేసినావా?"

"నేనేల మింగుతా అక్కా? ఈ నెల మా వంతు కాదు గదా. నాగేశ్వరి ఇంట్లో ఉండాడు, పోయి చూసుకోండి."

ఓబులేసు రాములమ్మకు మరిది. నలభై ఏళ్లుంటాయి. నాలుగేళ్ల కిందట నాపరాళ్లు లోడు చేస్తూ లారీ మీద నుంచి పడ్డాడని, తలకు దెబ్బ తగిలి కుడి చెయ్యి, కాలు సరిగా ఆడవని, అప్పటి నుంచి ఫిట్స్ కూడా వస్తున్నాయని దారిలో సుబ్బమ్మ చెప్పింది. పెళ్లి కాలేదు. తల్లిదండ్రులు లేరు. ఇద్దరు అన్నలు, ఒక చెల్లెలు నెలకొకరు చొప్పున చూసుకుంటున్నారు. రెండో అన్న ఇంట్లో జవాబు ఇంకా స్పష్టంగా వచ్చింది. "వచ్చే నెల గూడా కాదు, ఆ పై నెల మా వంతు."

చెల్లెలు నాగేశ్వరి ఇంటి వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు ఓబులేసు. శుభ్రమైన లుంగీ, దువ్విన తల. నన్ను చూసి నవ్వి, "యాడ?" అన్నాడు.

"నేను వేంపల్లె నుంచి వచ్చానండీ" అన్నాను.

నాగేశ్వరి నవ్వింది. "నిన్ను అడగలేదు పాపా. మాయన్నకు మిగిలిన మాట అదొక్కటే. అన్నం కావాలన్నా యాడ, నీళ్లు కావాలన్నా యాడ. కోపం వస్తే అదే మాట గట్టిగా అంటాడు."

మాటలను కూర్చే మెదడు భాగం దెబ్బతింటే ఇలా జరుగుతుంది. వైద్యులు దీనిని అఫేసియా అంటారు. మనసులో ఉన్నది నాలుక మీదికి రాదు, ఒకటో రెండో మాటలు మాత్రం మిగులుతాయి. శిక్షణలో నేను దీనిని గురించి చదివాను. ఆ ఒక్క మాటతో ఒక మనిషి రోజంతా ఎలా గడుపుతాడో అక్కడ చూశాను.

పేరు నమోదు చేశాను. గడచిన పన్నెండు నెలల్లో ఆయన ఈ ఇంట్లో ఎన్ని నెలలు పడుకున్నాడని ట్యాబ్ అడిగింది. నాలుగు అని కొట్టాను. జాబితాలోంచి పేరు మాయమైంది. ఆరు నెలలైనా ఉన్నవారే ఆ ఇంటివారు. మా పనిలో వారిని యూజువల్ రెసిడెంట్ అంటాం. ఓబులేసు మూడిళ్లలో నాలుగేసి నెలలుంటాడు. అంటే ఏ ఇంట్లోనూ లేడు.

విషయం చెబితే నాగేశ్వరి ట్యాబ్ వైపు చూసింది. "మాకు మూడిళ్లాయె. నీ మిషన్‌లో మాయన్నకు ఒగ ఇల్లు గూడా లేదా?"

ఆ మాట నుంచి తప్పుకోవడానికి తర్వాతి ప్రశ్నకు వెళ్లాను. ఫిట్స్ ఎప్పుడెప్పుడు వస్తాయి?

"అమావాస్యకు."

"అమావాస్యకూ మెదడుకూ ఏ సంబంధమూ లేదమ్మా."

"సంబంధం నాకు తెలీదు పాపా. వచ్చే దినం మాత్రం తెలుసు."

"నేనూ చూసినా. అమావాస్య దగ్గర్లోనే వస్తాయి" అంది సుబ్బమ్మ.

నేను "తేదీ తెలియదు" అన్న గడిని నొక్కాను. కడపలో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను డిబేట్ జట్టులో ఉన్నాను. మూఢనమ్మకాల మీద మాట్లాడి బహుమతి కూడా తెచ్చుకున్నాను. ఆ వసారాలో నేను సర్వే చేయడం మానేసి వాదనలో గెలిచానని ఇప్పుడు అనిపిస్తుంది. ఎదుట ప్రతివాది ఎవరూ లేరని మాత్రం గమనించలేదు.

సాయంత్రం బస్టాండు నుంచి మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. ఆమె నిబంధనను సమర్థించింది. అది లేకపోతే ఒకే మనిషి రెండు ఇళ్లలో లెక్కకు వస్తాడు, సర్వే మొత్తం తప్పుతుందంది.

"రెండుసార్లు లెక్కకు రాకూడదని పెట్టిన నిబంధన ఒక్కసారి కూడా రానివ్వకపోతే, అప్పుడు లెక్క సరైనదేనా మేడం?" అన్నాను.

ఆమె ఒక దారి చెప్పింది. "నోట్ రాసి పంపు. నేను పైవాళ్లతో మాట్లాడతాను. కానీ నీ ఫారంలో ఫిట్స్ తేదీలన్నీ 'తెలియదు' అని ఉన్నాయి. అలా పంపితే ఒప్పుకోరు. కనీసం మూడు తేదీలు పట్టుకురా."

నేను కొట్టిపారేసిన జవాబు కోసమే మర్నాడు నేను మళ్లీ ఆ వసారాకు వెళ్లవలసి వచ్చింది.

గోడ క్యాలెండర్ దించి నాగేశ్వరి ముందు పెట్టాను. తేదీ గుర్తులేనివారిని పండుగల సాయంతో అడగడం మా పనిలో ఒక పద్ధతి. అది నిన్ననే చేయవలసింది. ఆమె తడుముకోలేదు. శివరాత్రి అయినాక వచ్చిన అమావాస్యకు ఇక్కడే వచ్చాయి. క్రిస్మస్ ముందర వచ్చిన అమావాస్యకు పెద్దన్న ఇంట్లో. దీపావళికి చిన్నన్న ఇంట్లో. సుబ్బమ్మ ఊరివాళ్ల జబ్బులు రాసుకునే తన పుస్తకంలో చూసి అవునంది.

"సరిగ్గా అమావాస్య నాడేనా?"

"ఆ దినమే అని కాదు. ఒగసారి మర్నాడు, ఒగసారి రెండు దినాలకు. ముందర మాత్రం ఎప్పుడూ రాలేదు."

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. కారణం చంద్రుడైతే ముందూ వెనకా తేడా ఎందుకుండాలి? ఆ రోజు మొదలయ్యేది మరేదో ఉండాలి.

"అమావాస్య నాడు మీ ఇళ్లలో ఏం చేస్తారు?"

"ఏముండాది? వంతు మారుతుంది. నెల అయిపోతుంది గదా. అన్నను పెద్దన్న ఇంటికి తోలకపోతాం."

"ఆయనతో ఏమేం పంపుతారు?"

"మంచం, దుప్పట్లు, చెంబు, గుడ్డలు." వేళ్లు మడుస్తూ చెప్పింది.

"మాత్రలు?"

మడిచిన వేళ్లు అలాగే ఆగాయి. "మాత్రలు ఎవరి వంతుకు వాళ్లు తెచ్చుకుంటారు. వేంపల్లెకు ఎవరన్నా పోయినప్పుడు..."

లేచి లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో సగం వాడిన మాత్రల అట్టలు నాలుగైదు ఉన్నాయి. "మళ్లా మా వంతు వస్తాది గదా అని దాచిపెట్టినా" అంది. ఆ గొంతులో ఉన్న భయం నేను రాయలేను.

అక్కడ నాకు తెలిసినదెంతో, తెలియనిదెంతో నేను స్పష్టంగా వేరుచేసుకోవాలి. మందు మీద సలహా ఇచ్చే అధికారం నాకు లేదు. కాబట్టి సుబ్బమ్మ, నాగేశ్వరి ఆ డబ్బాను, పాత మందుల చీటీని పట్టుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి వెళ్లారు. నేను వెంట వెళ్లాను. ఈ రకం మాత్ర ఒకటి రెండు రోజులు ఆగినా ఫిట్స్ రావచ్చని, అమావాస్య సంగతి పక్కనపెట్టి ముందు వంతు మారేటప్పుడు మాత్రలకు పడే ఆ సందును పూడ్చమని ఆయన చెప్పారు.

తిరిగి వచ్చాక రాములమ్మ గొంతు పెంచింది. "అయితే మేం మాత్రలు ఇయ్యక ఫిట్స్ తెప్పించినామంటారా?"

"ఎవరూ అట్ల అనలేదుమే. నువ్వు నీ నెల చూసినావు, ఆమె తన నెల చూసింది. నడమ దినం ఎవరి వంతు?" అంది సుబ్బమ్మ.

ఉగాది ముందటి కొత్త అమావాస్య వచ్చేసరికి మేమింకా ఆ ఊళ్లోనే ఉన్నాం. ఆ ఉదయం నాగేశ్వరి కొడుకు మంచాన్ని ముందే మోసుకుపోయాడు. ఓబులేసు కర్ర పట్టుకుని నిలబడి ఇల్లంతా కలియజూసి, "యాడ?" అన్నాడు. ఏమడిగాడో ఎవరికి తెలుసు? నాగేశ్వరి ఒక గుడ్డసంచిని ఆయన మెడలో వేసింది. అందులో డబ్బా, చీటీ ఉన్నాయి. ఆయన ఎడమ చేతిని ఆ సంచి మీద పెట్టించి, "ఈడ. నీ కాడనే" అంది.

రాములమ్మ గడపలో ఎదురొచ్చి మొదట సంచి అందుకుంది. తర్వాతే ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ అమావాస్యకు ఫిట్స్ రాలేదు. ఒక నెల రుజువు కాదని నేను సుబ్బమ్మతో ఫోన్‌లో అన్నాను. తర్వాతి రెండు అమావాస్యలు కూడా ఫిట్స్ లేకుండా దాటాక ఆమే ఫోన్ చేసి, "ఇప్పుడన్నా నమ్ముతావా పాపా, ఇంకా వాదిస్తావా?" అంది. క్యాంపు జాబితాలో ఓబులేసు పేరు నాగేశ్వరి ఇంటి కింద చేరింది. స్క్రీనింగ్ రోజున ఏ కప్పు కింద ఉంటే ఆ ఇల్లు, అని మా జట్టు వరకు అనుమతి వచ్చింది. పూర్తయ్యాయనుకున్న వీధుల్లో మళ్లీ తిరిగి కొత్త ప్రశ్న ఒకటి అడిగాం. మీ ఇంట్లో వంతు మీద ఉండేవారు ఎవరైనా ఉన్నారా? ఓబులేసు ఒక్కడే కాడని ఆ ప్రశ్నతోనే తెలిసింది.

డిబేట్‌లో మా లెక్చరర్ ఒక నియమం చెప్పేవారు. ఎదుటివారి మాటను ఖండించే ముందు, దానిని వారికంటే బాగా చెప్పగలగాలి. "అమావాస్యకు వస్తాయి" అన్న నాగేశ్వరి మాటలో నాలుగేళ్ల పరిశీలన ఉంది. కారణం తప్పినా, లెక్క తప్పలేదు. నేను కారణంతో తగువుపడి లెక్కను పారేశాను. రేపు ఇంకొక గడపలో నాకు నవ్వొచ్చే జవాబు వస్తే, ముందు దానిని పూర్తిగా రాసుకుంటాను.

మిమ్మల్ని అడిగేవి రెండే. సర్వేకు ఎవరైనా మీ గడపకు వస్తే, ఈ నెల మీ వంతు కాకపోయినా, వంతుల మీద ఉండే మనిషి పేరు చెప్పండి. ఆ మనిషి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారే రోజున, మంచం కదలకముందే, మాత్రల సంచిని వారి మెడలో వేయండి.