పోయకుండానే పెరిగిన ఆయిల్

కరోనా జ్వరం తగ్గాక నాకు వాసనలు తిరిగి రాలేదు. మొదట్లో భయపడ్డాను, తర్వాత అలవాటైంది. వాసన లేని లోకం అద్దం వెనకాల ఉన్నట్టుంటుంది. అన్నీ కనిపిస్తాయి, ఏదీ దగ్గరికి రాదు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి మా ఊరికి వచ్చేసరికి, నా భార్య ఆ పూట వాసనలన్నీ చెప్పేది. పక్కింట్లో చేపల పులుసు, దండెం మీది బట్టలకు పట్టిన పొగ, ఎక్కడో వాన పడ్డ గాలి. ఆమె పుట్టింటివాళ్లు కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె మాటలో ఆ యాస పోలేదు. నేను కళ్లు మూసుకుని వినేవాణ్ణి.

ఒక సెలవు రోజు పొద్దున మా నల్లరేగడిలో ట్రాక్టర్‌తో శనగ విత్తుతున్నాను. మంచు సగం చేనును మింగేసింది. ఎటు తిరిగినా తెల్లగా ఉంది, నీళ్ల అడుగున నడుపుతున్నట్టు. ట్రాక్టర్ మా నాన్న కొన్నది. స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ప్రెషర్ ముల్లు బాగానే లేచింది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ, కునుకు పట్టిన మనిషి తలలా, మెల్లగా కిందికి వాలింది. రేసు తగ్గించి చూస్తే సున్నా దగ్గరికొచ్చింది. వెంటనే ఆపేశాను.

కాసేపాగి, ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ బయటికి తీశాను. తక్కువ లేదు, పై గీత దాటి ఉంది. సంగారెడ్డిలో మా మెకానిక్‌కు ఫోన్ చేశాను.

"అన్నా, ప్రెషర్ పడిపోతున్నది. ఆయిల్ జూస్తే ఫుల్లున్నది."

"ఫుల్లా, ఎక్కువనా?"

"గీత దాటింది. నేను పోసింది గంత లేదు."

"పోయకుండనే పెరిగిందా? ఇగ స్టార్ట్ చెయ్యకు. జెర వాసన సూసి చెప్పు."

"నాకు వాసన రాదన్నా."

"పక్కన ఎవరన్న ఉన్నరా?"

అప్పుడే నా భార్య టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద వస్తోంది. మంచులోంచి ముందు ఎర్రటి చీర అంచు, తర్వాత ఆమె కనిపించింది. డిప్‌స్టిక్ అందించాను. చుక్కను వేళ్ల మధ్య రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది.

"డీజిల్ వాసనండీ. పల్చగా కూడా ఉంది, నీళ్లలా జారిపోతోంది."

ఆ మాటకు నాకు వాసనేమీ తగల్లేదు. కానీ చిన్నప్పుడు మడ్‌గార్డు మీద కూర్చుని, చెరుకు లోడుతో చక్కెర ఫ్యాక్టరీకి పోయిన దారంతా కళ్ల ముందు సాగిపోయింది. ఆమె పోసిచ్చిన టీ చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.

మధ్యాహ్నానికి మెకానిక్ వచ్చాడు. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే చిన్న పంపు విప్పి చూపించాడు. లోపలి రబ్బరు పొర చిరిగింది. అందులోంచి డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి కారుతోంది. పల్చబడ్డ ఆయిల్ వేడికి ఇంకా పల్చనై ప్రెషర్ నిలవడం లేదు. తర్వాత పాత ఫిల్టర్ కోసి, దాని కాగితం మడతలను ఎండలో విప్పి చూశాడు. బేరింగులు అరిగి రాలిన లోహపు మెరుపు కోసం వెతుకుతున్నాడని అర్థమై నేనూ పక్కన వంగి చూశాను.

"ఏం లేదు. బేరింగులు బతికినట్టే ఉన్నయ్. గట్లనే నడిపితే ఇంజిన్ దించేటిది ఉండె."

కొత్త పంపు, కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి, తన గేజీ బిగించి ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చాడు. ముల్లు కొంచెం దిగి, ఆగింది.

"పాత బండికి ఇది శాన" అన్నాడు.

అతను వెళ్లాక మిగిలిన చేను విత్తడానికి ట్రాక్టర్ ఎక్కబోతుంటే నా భార్య అడిగింది.

"ఒక్క సాలు నేను నడపనా?"

ఆమె ఎన్నడూ నడపలేదు. నేను మడ్‌గార్డు మీదికి జరిగాను. చేను చివరిదాకా ఆమె రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూసింది.

శనగ మొలిచాక ఆ ఒక్క చోట వరసలు పక్కకు ఒరిగి, మళ్లీ దారిలోకి వచ్చాయి. చేను చూడటానికి వచ్చినవాళ్లు ఇదేందని అడిగితే, నేను చెప్పేలోపే ఆమె నవ్వుతూ తన వైపు చూపించుకునేది.