పుట్నాల పొడిలో పల్లీలు

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను నాచారంలోని మా పొడుల ఫ్యాక్టరీలో మిరపకారం తేమ చూస్తున్నాను. క్వాలిటీ విభాగమంటే మా దగ్గర ఒక బల్ల, ఒక తూకం మిషన్, నేను. పాకెట్ల మీద అచ్చయ్యే కస్టమర్ కేర్ నంబరు కూడా నా బల్ల మీది ఫోన్‌దే. మామూలుగా దానికి వచ్చేవి ఉప్పెక్కువైందనే ఫిర్యాదులు.

ఈసారి అంబర్‌పేట్ నుంచి ఒక తల్లి చేసింది. గొంతు పెంచలేదు. అందుకే నాకు భయమేసింది.

“మా పాపకు పల్లీలు పడవు మేడం. ఏది కొన్నా పాకెట్ ఎనక సదివినంకనే పెడ్త. నిన్న మీ పుట్నాల పొడి ఇడ్లీల మీద ఏసిన. రెండు ముక్కలు తిన్నదో లేదో పెదాలు ఉబ్బినయి, ఊపిరాడలే. దవాఖానకు ఉరికినం. ఇప్పుడు మంచిగనే ఉన్నది. గని దాంట్ల పల్లీలున్నయా? నాకు నిజం చెప్పున్రి.”

లేవని చెప్పబోయి ఆగాను. బ్యాచ్ నంబరు రాసుకుని, చూసి చెబుతానని పెట్టేశాను.

రిజిస్టరు తీశాను. ఆ బ్యాచ్ ఆడించిన రోజు పొద్దున అదే మిషన్లో పల్లీల పొడి ఆడించారు. ఆ తర్వాత పుట్నాలు. మధ్యలో మిషన్ విప్పి, జల్లెడ తీసి శుభ్రం చేసి, ముందు కొన్ని కిలోల పుట్నాలు ఆడించి పారబోయాలి. అది జరిగిందన్న గడిలో సంతకం ఉంది. నాదే. నిజానికి ఆ రోజు నేను మిషన్ దగ్గరికే వెళ్లలేదు. సాయంత్రం రిజిస్టరు ముందుకు జరిపితే, వరసగా సంతకాలు పెట్టేశాను.

మిషన్ నడిపే అన్న దాచలేదు. “బ్రష్ గొట్టిన మేడం. విప్పలే. బయట సరుకు బండి నిలవడ్డది, జల్ది గానియ్యి అన్నరు.”

ఎవరన్నారని అడగలేదు. అడిగినా నా సంతకం చెరగదు. ఆ తల్లికి ఫోన్ చేసి, పల్లీలు కలిసి ఉంటాయి, తప్పు మాదేనని చెప్పాను. ఆమె “మరి మిగిలిన పాకెట్లు?” అని మాత్రం అడిగింది.

యజమాని విని తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. “షాపులల్ల ఉన్నయి సప్పుడు జేయకుండ మార్చేద్దాం” అన్నాడు.

“ఇళ్లల్లకు పోయినయి ఎట్ల మారుస్తం సార్?” అన్నాను.

సగం రోజు వాదించాక, బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పిస్తున్నామని ఆహార భద్రత అధికారులకు రాతపూర్వకంగా తెలియజేశాం. సరుకు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరికి పోయిందో ఎప్పుడడిగినా చెప్పగలగాలని నిబంధన. మా దగ్గర అన్నీ రాసే ఉన్నాయి కదా, రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను.

మా రాతలు ఉప్పల్ దాకా సరిగ్గానే నడిచాయి. ఆ బ్యాచ్ అంతా రింగు రోడ్డు పక్కన గోదాము ఉన్న ఒక్క డిస్ట్రిబ్యూటర్‌కే పోయింది. ఆయన బిల్లుల్లో సరుకు పేరుంది, పెట్టెలెన్నో ఉంది. బ్యాచ్ నంబరు లేదు.

“బ్యాచ్ నంబర్ ఎవలు రాస్తరు మేడం? దినాం ఎన్ని సరుకులొస్తయో జర సూడున్రి.”

“రాయాలె గదన్నా. రూలున్నది.”

“రూల్ ఉన్నదాయె. రాసెటోడు ఉండాలె గద.”

పుట్నాల పొడి తీసుకున్న దుకాణాలన్నింటి జాబితా ఇచ్చాడు. అంబర్‌పేట్ నుంచి నారపల్లి దాకా స్కూటీ మీద తిరిగాను. మెట్రో స్టేషన్ వెనక సందులో ఒకాయన అడగ్గానే పాకెట్లన్నీ తీసి ఇచ్చాడు. చాలామంది అలా ఇవ్వలేదు. “ఎవలికేం కాలేదు గద” అన్నారు. నేను అంటించమన్న నోటీసును ఒకామె కౌంటర్ మీద నూనె మరక తుడవడానికి వాడింది, నా ముందే. నారపల్లిలో కొత్త వెంచర్ ఎదురుగా ఉన్న దుకాణంలో అయితే పాకెట్లు చింపి ప్లాస్టిక్ డబ్బాలో పోసి విడిగా అమ్ముతున్నారు. మాదీ వేరే కంపెనీదీ కలిపి. కవర్లు ఎక్కడని అడిగితే చెత్త బండి వెళ్లిన దారి చూపించాడు. ఎండలో నిలబడి అరిచాను. అతను నా అరుపు పూర్తయ్యేదాకా ఆగి, డబ్బా నా చేతిలో పెట్టి, “తీస్కపోండ్రి. గింత దానికి బీపీ ఎందుకు?” అన్నాడు.

తిరిగొచ్చి లెక్క చూస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ బ్యాచ్‌లో కొన్ని పాకెట్లకు సీలు సరిగ్గా పడలేదు. అలాంటివి బయటికి పంపం. ప్యాకింగ్ చేసే ఆడవాళ్లకు నేనే పంచాను. ఏ రిజిస్టర్లోనూ రాయలేదు.

భోజనాల వేళ ఆ పాకెట్లు ఏమయ్యాయని అడిగాను. అందరిలో పెద్దది, జనగామ నుంచి వచ్చిన అక్క, టిఫిన్ డబ్బా మూత పెట్టేసింది.

“ఇప్పుడు దొంగతనం అంటరా మేడం?”

“నేనే ఇచ్చిన గదక్కా. దొంగతనం ఎట్లయితది? అందులో పల్లీలు కలిసినయి. పడనోళ్లు తింటే పానం మీదికొస్తది.”

అక్క మొహం మారిపోయింది. “ఈడ మా ఇంటి పక్కన అంగన్‌వాడీ టీచర్‌కు ఇచ్చిన. పోరగాళ్లకు అన్నంల కలుపుతనన్నది.”

తినడం వదిలేసి ఇద్దరం బండి ఎక్కాం. అంగన్‌వాడీకి చేరేసరికి పాకెట్ సగం ఖాళీ అయింది. పిల్లలందరూ తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. టీచరు మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మిగిలిన సగం పాకెట్ తీసుకున్నాను. తిరిగొచ్చి బండి దిగాక అక్క “ఇగ మాకు ఇయ్యకున్రి మేడం” అంది.

చివరికి అధికారులకు పంపాల్సిన నివేదిక. వెనక్కి రానివి ఏమయ్యాయన్న చోట ‘తెలియదు’ అని రాశాను. అధికారి ఫోన్ చేశాడు. “తెల్వదంటే ఎట్ల మేడం? వాడుకలో అయిపోయినవని రాయున్రి, క్లోజ్ అయితది.” యజమాని కూడా అదే అన్నాడు. నాకు తెలియదు కాబట్టి తెలియదనే ఉంచాను. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి ఎందుకు తీసుకున్నారో కూడా చెప్పలేదు.

ఆ తర్వాత మా పాకెట్లన్నింటి మీదా కొత్త వాక్యం వచ్చింది. పల్లీల ఆనవాళ్లు ఉండవచ్చునని. పసుపు మీద కూడా. అంబర్‌పేట్ తల్లికి చెబితే, “అంటే మీదేదీ మా పాప తినొద్దనే గద? మిషన్ సాఫ్ జేసుడు కంటే రాసుడు అల్కగున్నదా?” అంది. రాయడమే తేలికని ఒప్పుకున్నాను.

ఆ వాక్యం అచ్చయింది కనుక ఇక మిషన్ విప్పనక్కర్లేదని ఫ్యాక్టరీలో అందరూ అనుకుంటున్నారు. నేను పక్కన నిలబడి విప్పిస్తున్నాను. మొన్న బండి హారన్ కొడుతూనే ఉంది, యజమాని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు, మిషన్ నడిపే అన్న నా వైపు చూడకుండా జల్లెడ దులిపాడు. ఆ రోజంతా నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.