ఎడమ గుంజ

ఉదయగిరి కొండ మీద ఒట్టు. మా అవ్వ మీద ఒట్టు. తిన్న అన్నం మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. నవ్వనీ. నా మాటలో పదో వంతు ఉంచుకుని మిగతాది గాలికి వదిలెయ్యాలని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. చిన్నప్పుడు సంగం దగ్గర పెన్నలో నేను పట్టిన చేప ఏడాదికి జానెడు చొప్పున ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పెంచీ చెప్పలేదు, తగ్గించీ చెప్పలేదు, అసలు నోరే విప్పలేదు. మీరు నాకేమీ కారు గనక మీకు చెబుతున్నాను. బరువు అని రాయబోయి ఆగాను. బరువైతే ఎక్కడో ఒకచోట దించుకోవచ్చు. ఇది చెవిలో ఉంది. ఇన్నేళ్ళుగా చెవిలోనే ఉంది.

డెబ్బైలలో నేను ఉదయగిరి హైస్కూల్లో పదో తరగతి. ఫుట్‌బాల్ ఆడేవాణ్ణని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి గోలు వెనక కూర్చునేవాణ్ణి. మా గోల్‌కీపర్ మస్తాన్. వాడికి దెబ్బ తగిలితే బదులు దిగడానికి నన్ను పెట్టారు. రెండేళ్ళలో వాడికి ఒక్క దెబ్బా తగల్లేదు. మా గోలుకు వల ఉండేది కాదు, రెండు గుంజలూ వాటి మీద అడ్డంగా ఒక వెదురూ, అంతే. బంతి బయటికి పోతే కంపచెట్లలో దూరి తెచ్చి ఇవ్వడమే నా ఆట.

మస్తాన్ వాళ్ళది చెక్క స్పూన్లు చెక్కే ఇల్లు. వాళ్ళ నాన్నను మేం గౌస్ మామ అనేవాళ్ళం. కొండ మీద నుంచి నర్ది చెక్క తెచ్చి, పూరేకంత పల్చగా స్పూను చెక్కేవాడు. రోజూ ఉలి పట్టిన చేతులు గనక మస్తాన్ అరచేతుల్లోకి బంతి వచ్చిందంటే మేకు దిగినట్టు అక్కడే ఆగిపోయేది. అది నేర్చుకుంటే వచ్చేది కాదు. నేను ప్రయత్నించాను గనక చెబుతున్నాను.

గౌస్ మామకు ఒక పద్ధతి ఉండేది. చెట్టు కొట్టే ముందు గొడ్డలి తిరగేసి, దాని వెనక వైపుతో మాను మీద మూడు సార్లు తట్టేవాడు. తట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. కొండంతా పాడుబడ్డ కోట, కోట చుట్టూ పేర్లు తెలియని గోరీలు. ఎవరు ఏ చెట్టు నీడన పడుకుని ఉన్నారో మనకేం తెలుసు, అడిగి కొట్టాలి అనేవాడు. ఏదన్నా బదులు వినబడితే, పిట్ట కూసినా సరే, ఆ చెట్టును వదిలేసి ఇంకో చెట్టు చూసుకునేవాడు.

ఆ ఏడు ఆత్మకూరు హైస్కూలు జట్టు మా ఊరికి ఆడటానికి వస్తుందని తెలిసింది. జిల్లా జట్టుకు పిల్లల్ని ఎంచడానికి నెల్లూరు నుంచి ఒకాయన వస్తాడన్నారు. గోల్‌కీపర్ని ఒక్కణ్ణే తీసుకుంటారు. జిల్లాకు ఆడితే సర్టిఫికెట్టు ఇస్తారు, దాంతో కాలేజీ సీటు, ఆ తర్వాత ఉద్యోగం. గౌస్ మామకు చెక్కపొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. కొడుకన్నా ఈ పొడిలోంచి బయటపడాలని ఆయన కోరిక. ఊరంతటికీ ఆ సంగతి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే చేశాను.

ఆటకు పది రోజుల ముందు కొండవైపు గోలులో ఎడమ గుంజ చెదలు పట్టి విరిగింది. తిన్నని మాను ఒకటి తెచ్చిపెట్టమని డ్రిల్లు మాస్టారు గౌస్ మామను అడిగాడు. ఆ రోజు మస్తాన్ జ్వరంతో పడుకున్నాడు. మాను ఈడ్చుకు రావడానికి సాయంగా నేను వెళ్ళాను. కొండ మీద మేమిద్దరమే. ఆయన గొడ్డలి తిరగేశాడు. టక్. టక్. టక్. కీచురాళ్ళు ఆగిపోయాయి. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఎవరో గొంతు సవరించుకుని "ఊఁ" అనబోతున్నట్టే ఉంది. ఎవరూ అనలేదు. గౌస్ మామ తల ఊపి గొడ్డలి ఎత్తాడు.

ఆయన తట్టాడు. నేను లెక్కపెట్టాను. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి.

ఆటకు ముందు రోజు మిట్టమధ్యాహ్నం నేనూ మస్తానూ ఆ కొత్త గుంజకు సున్నం కొడుతున్నాం. వాడు మామూలుగా అడిగాడు.

"ఈ మాను కొట్టేటప్పుడు నువ్వుండావంట గదరా. చెట్టు యాడుండె?"

"గోరీ పక్కన," అన్నాను. అక్కడ గోరీ లేదు.

"ఏ గోరీ?"

"పేరు తెలీంది. సరిగ్గా తలకాడ."

వాడి చేతిలో కుంచె ఆగింది. "మా అబ్బా తట్టినాడా?"

అప్పటికి ఇది నాకు ఆటే. ఎప్పటిలాగే ఒక కోత కోసి, వాడు బిక్కచచ్చిపోతే నవ్వేద్దామనుకున్నాను. అలా అనుకున్నానా? ఏమో. నవ్వలేదు మరి.

"పొద్దు పోతా ఉండాదని తొందరపడినాడు మస్తానూ. తట్టలా."

"పోరా కోతలోడా! మా అబ్బా తట్టకుండా గొడ్డలి ఎయ్యడు."

"పొయ్యి అడుగు. తట్టినాననే చెప్తాడు. బిడ్డ బయపడతాడంటే ఏ నాయన చెప్తాడు నిజం?"

నేను ఆపలేదు. "మనం తట్టకుంటే అదే తట్టుద్దంట. మాను తట్టిందంటే, కొట్టినోడు ఇంట్లో పానంతో ఉండాడో లేడో పొయ్యి చూసుకోవాల్నంట."

ఎవరన్నారు ఆ మాట? ఎవరూ అనలేదు. సున్నం నీళ్ళు కారుతుంటే చూస్తూ అప్పటికప్పుడు పుట్టించాను. కానీ నా నోట్లోంచి వచ్చాక అది నాది కానట్టు, ఆ కొండ అంత పాతది అయినట్టు వినిపించింది. నాకే భయమేసింది.

ఆట రోజు నెల్లూరాయన గొడుగు నీడన కుర్చీలో కూర్చున్నాడు. మొదటి సగం మస్తాన్ అవతలి గోలులో నిలబడ్డాడు. ఆత్మకూరు వాళ్ళు నాలుగు సార్లు మీదికొచ్చారు. నాలుగు సార్లూ బంతి వాడి చేతుల్లోనే ఆగింది. నెల్లూరాయన నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఆ రాత నాకు అంత దూరం నుంచి కనిపించినట్టే ఉంది.

ఈల వేశారు. వైపులు మారారు. మస్తాన్ కొండకు వీపుపెట్టి నిలబడ్డాడు. ఎడమ పక్కన కొత్త గుంజ. దాని వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో నేను. నా చేతిలో గుండ్రాయి. అది చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. తెలియదా? తెలుసు. పొద్దున్నే ఏరి నిక్కరు జేబులో వేసుకున్నాను.

ఆత్మకూరు వాడొకడు బంతి తీసుకుని ఒంటరిగా వస్తున్నాడు. మైదానమంతా కేకలు. నేను గుంజ అడుగున తట్టాను. మూడు సార్లు. పచ్చి మాను గనక టక్కుమనలేదు. లోపల ఎవరో ఉండి మూలిగినట్టు, మూడు సార్లు. మస్తాన్ తల తిప్పాడు. బంతి వాడి కాళ్ళ పక్కనుంచి దొర్లుకుంటూ నా దగ్గరికి వచ్చేసింది. వాడు దాన్ని చూడనే లేదు. గుంజ దగ్గరికొచ్చి, రెండు చేతులతో పట్టుకుని, చెవి ఆనించి నిలబడ్డాడు. వాడి ముఖం నా ముఖానికి మూరెడు దూరంలో ఉంది. నన్ను అనుమానించలేదు. నేను నోటితో చేసేవాణ్ణేగాని చేత్తో చేసేవాణ్ణని ఎవరూ అనుకోరు.

తర్వాత కొండ వైపు ఒక్కసారి చూసి, ఇంటి దారి పట్టి పరిగెత్తాడు. "ఒరే మస్తానూ! యాడికిరా!" అని డ్రిల్లు మాస్టారు అరిచాడు. వాడు ఆగలేదు. మాస్టారు నావైపు తిరిగాడు. "ఏందిరా చూస్తా కూచున్నావు? దిగు!"

దిగాను. రెండు బంతులు ఆపాను. ఒకటి నేను ఆపింది కాదు, అదే వచ్చి నా మోకాలికి తగిలింది. ఆ తర్వాత బంతి అవతలి కొసకు పోయింది. అందరూ అటే ఉన్నారు. నా వెనక మనిషి లేడు. గాలి లేదు. రాయి మళ్ళీ నా జేబులోనే ఉంది. అప్పుడు ఎడమ గుంజ తట్టింది. మూడు సార్లు. వెనక్కి తిరిగి చూడలేదు. నా మెడ మీద ఎవరిదో ఊపిరి తగిలింది.

ఒక్క గోలుతో ఓడిపోయాం. నెల్లూరాయన నా పేరు రాసుకున్నాడు.

మస్తాన్ ఇంటికి పోయేసరికి గౌస్ మామ అరుగు మీద కూర్చుని స్పూను నునుపు చేసుకుంటున్నాడట. "తట్టినావా?" అని అడిగాడట కొడుకు. "తట్టినాను" అన్నాడట తండ్రి. అంతే. నేను ఏం చెబుతాడన్నానో అదే చెప్పాడు. నేను అల్లిన వలలో చిక్కుకోవడానికి ఆయన చెయ్యాల్సిందల్లా నిజం చెప్పడమే.

మస్తాన్ మళ్ళీ మైదానంలో అడుగుపెట్టలేదు. బడి మానేసి చెక్కపనిలో కూర్చున్నాడు. కానీ తండ్రితో కొండెక్కేవాడు కాదు. తండ్రి కొట్టిన చెక్క ముట్టుకునేవాడు కాదు, వేరేవాళ్ళ దగ్గర కొనుక్కునేవాడు. ఎందుకో గౌస్ మామకు అర్థం కాలేదు. "వాడికి నా చెక్క పనికి రాకుండా పోయిందిరా, ఏం తప్పు చేసినానో," అన్నాడు నాతో ఒకసారి. నేను జిల్లా సర్టిఫికెట్టు చేతబట్టుకుని కాలేజీకి పోతున్నాను అప్పుడు.

నాలుగైదేళ్ళకు ఆయన ఒంటరిగా కొండెక్కి తిరిగి రాలేదు. మర్నాడు వెతకడానికి పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక మానుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒళ్ళో గొడ్డలి తిరగేసి ఉంది. చెట్టు మీద ఒక్క గాటూ లేదు. గుండె ఆగిపోయిందన్నారు. నాకు మాత్రం ఆయన తట్టి, బదులు కోసం ఇంకా వింటున్నట్టే అనిపించింది. మస్తాన్ దూరంగా నిలబడ్డాడు. తండ్రిని కాదు, ఆ మానును చూస్తున్నాడు.

ఆ సర్టిఫికెట్టు మీదే నేను ఆత్మకూరులో ఒక బడికి డ్రిల్లు మాస్టారునయ్యాను. ఆట మొదలయ్యే ముందు పోయి ఎడమ గుంజ మీద మూడు సార్లు తట్టడం నాకు అలవాటు. ఎప్పుడు మొదలైందో తెలియదు. పిల్లలు చూసి పట్టుకున్నారు. ఇప్పుడు మా గోల్‌కీపర్లందరూ తట్టే నిలబడతారు. మా మీద ఆడటానికొచ్చిన అనంతసాగరం పిల్లలు కూడా తడుతున్నారు. "ఎందుకు సార్?" అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతాను. ఇప్పుడు ఇనప గొట్టాలు. తడితే చాలాసేపు మోగుతాయి.

ఎనభైలలో ఒక వానాకాలం ఆత్మకూరు బస్టాండులో మస్తాన్ కనిపించాడు. స్పూన్ల మూట తలకింద పెట్టుకుని బెంచీ మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ముప్పై నిండీ నిండకుండానే జుట్టు సగం నెరిసింది. టీ తాగాం. ఉదయగిరి బస్సు వచ్చి నిలబడింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"ఒక మాట అడగాల్నిరా. కొండ మీద ఆ పొద్దు నువ్వు తప్ప ఇంకోడు లేడు. మా అబ్బా తట్టలేదని చెప్పినావే, అది నిజమేనా?"

కోపంగా అడగలేదు. నిజం కాదంటే బతికిపోతాననే ముఖంతో అడిగాడు. వాన వాడి చెవుల మీదుగా కారుతోంది. కండక్టరు ఈల వేస్తున్నాడు.

"గుర్తు లేదురా," అన్నాను.

తల ఊపి బస్సెక్కాడు. వాళ్ళ నాన్న గొడ్డలి ఎత్తేముందు ఊపినట్టే.

ఇంతే కథ. కానీ ఒట్టుపెట్టి మొదలుపెట్టాను గనక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. రెండున్నాయి.

నేను గోలులో నిలబడ్డాక గుంజ తట్టిందని రాశాను. తట్టలేదు. మెడ మీద ఊపిరీ తగల్లేదు. ఆట అయ్యేదాకా నేను చెవులు రిక్కించి ఎదురుచూశాను. అది కర్రలాగే నిలబడింది. తట్టి ఉంటే బాగుండేది. ఆ తప్పులో నాకొక తోడు ఉండేది. ఇన్నేళ్ళుగా నా చెవిలో ఉన్నదని చెప్పానే, అది చప్పుడు కాదు. ఆ చప్పుడు రాకపోవడం.

రెండోది రాయడానికి చెయ్యి ఆడటం లేదు. బస్సు దగ్గర నేను "గుర్తు లేదురా" అనలేదు. అది ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్న కథ. నేనన్నది వేరు. వాడి ముఖం చూస్తూ, వాన చూస్తూ, ఇప్పుడు నిజం చెబితే నా ఉద్యోగం, నా పేరు, నా నవ్వులాట అన్నీ ఆ బస్టాండు బురదలో పడతాయని లెక్కేసుకుని అన్నాను.

"నిజమేరా. తట్టలా."

మస్తాన్ ఇంకా ఉదయగిరిలోనే ఉన్నాడు. బస్సు వాడి కొట్టు ముందు నుంచే పోతుంది. నేను కొట్టు కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. ఈ కాగితం వాడి చేతికి చేరుతుందో లేదో తెలియదు. చేరితే ఏమంటాడో ఊహించను. ఊహించడం మొదలుపెడితే మళ్ళీ కథ అవుతుంది.

తట్టినాడురా మస్తానూ. మీ అబ్బా తట్టినాడు. మూడు సార్లు. నేను లెక్కబెట్టినాను.