నర్సమ్మ మొక్కిన బండి

మేము బీచుపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సన్నగా వాన. కృష్ణ ఎర్రగా పారుతోంది. పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చేంత హోరు. ఆర్డరు చిన్నది: ఏటి ఒడ్డు ఊళ్ళ జనాన్ని మెరక మీది బడికి చేర్చాలి, రోగులను గద్వాల దవాఖానకు తీసుకెళ్ళాలి. రెండు ట్రక్కులు, ఒక్కోదానికి ఒక వైర్‌లెస్ సెట్టు, పదిహేను మంది జవాన్లం. నేను బండ్ల మెకానిక్‌ని.

మంచులో బండ్లు బాగుచేశాను, ఇసుకలో బాగుచేశాను. సొంత గడ్డ మీద డ్యూటీ పడటం మాత్రం అదొక్కసారే. మాది తిమ్మాజిపేట పక్కన పల్లె. "గంత దగ్గరికొచ్చి మొఖం సూపియ్యవారా?" అని అమ్మ ఫోన్లో తిట్టింది. సెలవు దొరకలేదు. దొరికినా పోయేవాణ్ణి కాదేమో. బడి నిండా అమ్మలాంటి వాళ్ళే ఉన్నారు.

వాళ్ళలో ఒకామె నర్సమ్మ. మగ్గం దాకా నీళ్ళొచ్చిన ఇంట్లోంచి ఆమెను, కొడుకు ఎల్లప్పను మా బండే ఎక్కించుకొచ్చింది. ఎల్లప్ప గద్వాల చీరలు నేస్తాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు దవాఖానలో రక్తం శుద్ధి చేయించుకోవాలి.

దసరా రోజున వాన కాస్త తెరిపిచ్చింది. మా డ్రైవరు రాయచూరు వాడు, నోరు ఊరుకోదు. ఆయిలు చూద్దామని క్యాబిన్ ముందుకు వంచి ఇంజను బయటపెట్టాడు. అప్పుడే నర్సమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, టెంకాయ.

"మా పానాలు గాపాడిన బండి. దసరా నాడు మొక్కకుంటె ఎట్ల?" అంది.

మా పాలమూరులో ట్రాక్టరుకైనా, ఆటోకైనా, బోరు మోటారుకైనా ఆ రోజు టెంకాయ కొట్టాల్సిందే. మా దళానికి పెద్ద సుబేదార్ సాబ్ ఉత్తరాది మనిషి. ఆయన కూడా టోపీ తీసి నిలబడ్డాడు. నర్సమ్మ ఇంజనుకు బొట్లు పెట్టింది. టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజను మీద ధారగా పోసింది. ఎవరికీ ఏమీ అనిపించలేదు. డ్రైవరూ నేనూ కొబ్బరి ముక్కలు నములుతూ నిలబడ్డాం.

తర్వాత వాన మళ్ళీ పట్టుకుంది. ఎల్లప్పకు ఒక విడత తప్పిపోయింది. కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఫోన్లో డాక్టరు ఒకే మాట అన్నాడు: ఇవాళ తీసుకురావాలి.

పొద్దున ఎనిమిదికి బయలుదేరాం. వెనక ఎల్లప్ప, వాళ్ళమ్మ, వైర్‌లెస్ ఆపరేటరు. ముందు డ్రైవరు, నేను. రోడ్డు మీద పారుతున్న మొదటి వాగు దాటాం. అవతలి గట్టు ఎక్కుతుంటే బండి నీరసపడిపోయింది. యాక్సిలరేటరు అడుగంటా తొక్కినా లాగదు. డ్యాష్ మీద పసుపు దీపం వెలిగింది.

"ఏనాయ్తు దీనికి?" అన్నాడు డ్రైవరు. కంగారు పడితే వాడికి కన్నడం వస్తుంది.

ఎలాగో గట్టెక్కించి ఆపాం. ముందు ఇంకో వాగుంది. దాని అవతల ఇంతకంటే నిటారు గట్టు. ఈ బలంతో దిగితే నీళ్ళ మధ్యలో ఆగిపోతాం. రెండో ట్రక్కు వేరే ఊరికి పోయింది.

వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్ గొంతు. "టర్బో పోయిందా?"

"చూసి చెప్తాను సాబ్."

"ఇంకో బండి రావాలంటే సాయంత్రం అవుతుంది. నీకు ఎంతసేపు కావాలో అంత తీసుకో. తొందరపడకు."

ఆ చివరి మాటకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. తొందరపెట్టి ఉంటే టర్బోనే విప్పి కూర్చునేవాణ్ణి.

క్యాబిన్ వంచాం. వాన పడకుండా డ్రైవరు, ఆపరేటరు పైన టార్పాలిన్ కట్టారు. టర్బో అంటే ఇంజనుకు గాలిని గట్టిగా ఊదే చక్రం. అది విరిగితే పొగ మారుతుంది, చప్పుడు మారుతుంది. ఇంజను రేస్ చేయించి విన్నాను. ఈల సరిగ్గానే ఉంది. గాలి గొట్టం చేతికి బిగుసుకుంటోంది. ఎక్కడా చీలిక లేదు. ఫిల్టరు తడవలేదు.

బండి కంప్యూటరును చదివే స్కానర్ తగిలించాను. తప్పు టర్బో గాలిని కొలిచే సెన్సరు దగ్గర చూపించింది. అంతమాత్రాన సెన్సరు పోయిందని తీర్మానించకూడదు. ఇంజను ఆపించి, తాళం మాత్రం తిప్పి ఉంచమన్నాను. ఆగిన బండిలో లోపలి గాలి ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడి ఒకటే చూపాలి. ఇది మాత్రం టర్బో ఉధృతంగా ఊదుతున్నట్టు చూపుతోంది. బండిలోని కంప్యూటరు ఆ అబద్ధం నమ్మింది. గాలి ఎక్కువైంది, ఇంజను పగులుతుంది అని భయపడి డీజిల్ తగ్గించేసింది.

వెనక నుంచి ఎల్లప్ప ఊపిరి వినిపిస్తోంది. వీపు రాస్తూ నర్సమ్మ, "జరసేపు బిడ్డా, జరసేపు," అంటోంది.

సెన్సరు ప్లగ్గు ఊడదీశాను. రబ్బరు సీలు చీలి ఉంది. లోపల జిగట, కొంచెం ఎరుపు. వాసన చూశాను. పులిసిన కొబ్బరి నీళ్ళు! పిన్నుల మధ్య ఆ జిగటలోంచి కరెంటు పారి సెన్సరు చేత అబద్ధమాడిస్తోంది.

డ్రైవరు కూడా వాసన చూశాడు. నోరు తెరిచాడు. కాలు తొక్కాను. మూసుకున్నాడు. వాడు నోరు మూసుకోవడం నేను చూసింది అప్పుడే.

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని స్పిరిట్‌తో పిన్నులు కడిగాను. దూదితో తుడిచి, ఆరబెట్టి, ప్లగ్గు పెట్టి టేపు చుట్టాను. తాళం తిప్పితే లోపలి గాలీ బయటి గాలీ ఒకటే. తప్పు చెరిపేశాను. దీపం ఆరింది.

రెండో గట్టు ఎక్కుతున్నప్పుడు టర్బో వేసిన ఈలంత మంచి చప్పుడు నేను మళ్ళీ వినలేదు. సాయంత్రానికి ఎల్లప్ప లేచి కూర్చుని చాయ్ అడిగాడు. నీళ్ళే కొలిచి తాగాల్సిన వాడివని నర్సు తిట్టింది. నర్సమ్మ పడీపడీ నవ్వింది.

వరద తగ్గాక మేము యూనిట్‌కు తిరిగిపోయాం. ఇప్పుడు రిటైరై వనపర్తిలో డీజిల్ బండ్ల షెడ్డు నడుపుతున్నాను. దసరాకు పూజ చేయించడానికి బండ్లు తెస్తారు. ముందు సెన్సర్లకు ప్లాస్టిక్ కవర్లు కట్టి, తర్వాతే టెంకాయ కొట్టనిస్తాను. నవ్వుతారు. నవ్వనీ.

కానీ మేము బీచుపల్లి వదిలిన పొద్దు మాత్రం నా కళ్ళలోంచి పోదు. నర్సమ్మ మళ్ళీ కుంకుమ, టెంకాయతో వచ్చింది. ఒంటి మీద కొడుకు నేసిన చీర, వరదలో మూటకట్టి తెచ్చుకున్న ఒకే ఒక్కటి. నేను అడ్డం పోయాను.

"అవ్వా, ఇంజను మీద వద్దు. టైరు కాడ కొట్టు."

డ్రైవరు ఇక ఆగలేక అంతా చెప్పేశాడు. ఆమె మొహం మాడిపోయింది.

"నా టెంకాయనే నా కొడుకు పానం మీదికి తెచ్చెనా?"

"నీ తప్పేం లేదవ్వా. సీలు చినిగింది. వానకైనా పోతుండె."

ఆమె టెంకాయ టైరు దగ్గర పెట్టి నా ఎదురుగా వచ్చింది. "ఇంజనుకు వద్దంటివి గద. బాగుచేసినోనికి బొట్టు పెడ్త," అంది. నా నుదురంతా గ్రీజు. పట్టుకొంగు తీసుకుని తుడవబోయింది. నేను వెనక్కి జరిగాను.

"చీర ఖరాబైతది అవ్వా."

"కానియ్యి," అంటూ రుద్దిరుద్ది తుడిచి, బొట్టు పెట్టింది. కొంగు మీద నల్లటి మరక. బడి అరుగు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్న ఎల్లప్ప వైపు చెయ్యి చూపించింది.

"నేసెటోడు ఉన్నడు గద. మల్ల నేస్తడు."